పట్టణమున పెరటి తోట



పల్లెలో జరుగు సభయందు పట్టణపు పెరటిని గూర్చి ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. ఈనాడు పెక్కిండ్ల బిడ్డలు పట్టణములందు స్థలములు కొని ఇండ్లు కట్టుకొనుచున్నారు. గృహప్రవేశములకు పోయిన పెద్దలు చూచియే యుందురు: ఇంటి గోడ మొదలు ప్రహరీ వరకును గచ్చు, పిడికెడు మన్ను కనబడదు. శుభ్రముగా నున్నదని మెచ్చుకొని వచ్చుట పరిపాటి. ఆ మెప్పు తగునా యని విచారింపవలెను.

పూర్వుల యింటికి పెరడు అలంకారము కాదు. బియ్యము కడిగిన నీరు అరటిపాదునకు పోయెడిది. రాలిన ఆకు గోతిలో ఎరువయ్యెడిది. బృహత్సంహితయందు వరాహమిహిరుడు భూగర్భజలమును గూర్చి ఒక అధ్యాయమును, వెనువెంటనే వృక్షాయుర్వేదమును గూర్చి వేరొకటియు రచించెను. చెట్టును నీటిని కలిపి విచారించుట ఈ దేశమునకు క్రొత్త కాదు.

మొదట నీటి లెక్క చూడుడు. చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడినచో అది ఒక లీటరు నీరు. ఏబది చదరపు గజముల పెరటిలో అయిదు సెంటీమీటర్ల వాన కురిసినచో వచ్చునది రెండువేల లీటర్లకు పైమాట. పదిహేను లీటర్ల బిందెలతో నూటముప్పదికి మించును. మన్ను గుల్లగా నున్నచో అందు మంచి భాగము లోనికి ఇంకును. గచ్చు వేసినచో దాదాపు అంతయు వీధిలోనికి పరుగిడును. ఒక యింటి నీరు స్వల్పమే. వేయి యిండ్ల నీరు వరద.

హైదరాబాదు చరిత్రయే ఇందుకు నిదర్శనము. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరమును ముంచెను. పిమ్మట ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము నిర్మింపబడినవి. 2020 అక్టోబరు వానలకో, చెరువుల కట్టలు తెగి, ఏటికి దూరముగా నున్న కాలనీలు సైతము మునిగినవి. చెరువుల ఆక్రమణము, చాలని కాలువలు, ఇంకుటకు చోటు లేని నేల, అన్నియు ఇందుకు తోడైనవి. వాననీటిని ఇంకింపవలెనను నియమమునకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టమే ఆధారముగా నున్నది. కాని చట్టము వచ్చి ప్రతి పెరటిలో పలుగు పట్టదు.

రెండవది వేడిమి. చెట్టు వేళ్లతో త్రాగిన నీటిని ఆకులనుండి ఆవిరిగా విడుచును. ఒక లీటరు నీరు అట్లు ఆవిరియగుటకు సుమారు 580 కిలోకేలరీల వేడి ఖర్చగును. అదే నీటిని 30 డిగ్రీల నుండి మరుగువరకు కాచుటకు 70 చాలును. ఆ వేడియంతయు చుట్టునున్న గాలినుండియు ఎండనుండియు చెట్టు గ్రహించునదే. గచ్చు మాత్రము పగటి ఎండను దాచుకొని, రాత్రి పసిబిడ్డలు నిద్రించువేళ తిరిగి వెడలగ్రక్కును.

మూడవది జీవకోటి. మునగ పూతకు తేనెటీగలు వచ్చును. నిమ్మ, కరివేప ఆకులు తిన్న పురుగులే కొంతకాలమునకు సీతాకోకచిలుకలై ఎగురును. నాలుగాకులు కొరికినవని మందు చల్లుట తొందరపాటు.

పెరడు సర్వరోగనివారిణి యని చెప్పుట సత్యము కాదు. నల్లరేగడి నెమ్మదిగా త్రాగును. తడిసి నిండిన నేల మహావర్షమును మ్రింగలేదు. కుండీల క్రింది పళ్లెములలో నీరు నిలిచినచో దోమలు పెరుగును. వారమునకొకమారైనను వానిని పారబోసి తోమవలెను. రావి, మర్రి గోడలకు చేరువగా నాటినచో గోడలకే ముప్పు. మేడపై కుండీలు నీడను, కూరను ఇచ్చునుగాని భూమికి నీటిని చేర్చలేవు.

కావున చేయదగినది కష్టసాధ్యము కాదు. నడచుటకు బాట విడిచి తక్కిన నేలను మన్నుగానే ఉంచవలెను. మిద్దెనీటిని ఇంకుడుగుంటకు మళ్లింపవలెను. ఎండుటాకులు కాల్చక గోతిలో వేయవలెను. ఒక మునగ, ఒక కరివేప, ఒక నిమ్మ, నీరు పారుచోట రెండరటి పిలకలు: ఇంతతో ప్రారంభింపవచ్చును.

దస్తావేజులో పెరడు ఒకరి పేరనే యుండును. అందు ఇంకిన నీరు పొరుగువాని బోరుబావికిని చేరును. దానిపై వీచిన చల్లగాలి వీధికంతకును చెందును. గచ్చు వేసినవాడు తన సొమ్మునే కాక పొరుగువాని సొమ్మును గూడ ఖర్చు చేయుచున్నాడు. ఈ మాట పట్టణమునందలి బిడ్డలకు పెద్దలు చెప్పవలెను. ఈ గ్రామమునను గచ్చు వాకిళ్లు మొదలైనవి గనుక, చెప్పుటకు ముందు ఎవరి పెరటిని వారు చూచుకొనుట మేలు.