శిరువెళ్ల మాట, గుంటూరు రంగస్థలం
(జయప్రకాశ్ రెడ్డి స్మారకోపన్యాస పాఠం)



ఉయ్యాలవాడ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది 1846. నరసింహారెడ్డి కుంపిణీ మీద తిరగబడిన ఏడు. మరుసటి ఏడు ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. తలను కోటకు వేలాడదీసి ముప్పై ఏళ్లు అట్లే ఉంచారు. పుస్తకాల్లోకి ఎక్కకముందే ఆ కథ పాటలో బతికింది. ఊరూరా తిరిగి పాడేవాళ్లు మన రాయలసీమ మాటలోనే దాన్ని నిలబెట్టారు. ఈ పూట నేను చెప్పబోయేదీ మన మాట కథే. ఆ తిరుగుబాటుకు సరిగ్గా నూరేళ్లకు, 1946 మే 8న, మన శిరువెళ్లలో పుట్టిన తూర్పు జయప్రకాశ్ రెడ్డి గారి కథ.

ఆయన పుట్టడానికి మూడు వారాల ముందు, ఏప్రిల్ 16న, బళ్లారి రాఘవ కన్నుమూశారు. తాడిపత్రిలో పుట్టిన రాఘవ పగలు ప్లీడరు, రాత్రి నటుడు. రాగాలు తీసే రంగస్థలం మీద మనిషి మనిషిలా మాట్లాడాలని పట్టుబట్టినవాడు. 1928లో ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలిసివచ్చాడు. రెండు తేదీలు పక్కపక్కన పడడం కాకతాళీయమే, నాకు తెలుసు. అయినా ఒక దీపం కొండెక్కే వేళకు ఇంకొకటి వెలిగిందని అనుకోవడం నాకిష్టం.

జయప్రకాశ్ రెడ్డి గారి తండ్రి పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టరు. బదిలీల ఉద్యోగం. పిల్లవాడి చదువు నెల్లూరులో మొదలై అనంతపురంలో సాగింది. అంటే శిరువెళ్ల బిడ్డ పలకాబలపం పట్టింది సింహపురి తెలుగు మధ్య. ఈ సంగతి దగ్గర కాస్త ఆగాలి. ఊళ్లోనే పుట్టి ఊళ్లోనే పెరిగినవాడికి తన యాస వినపడదు, గాలి లాంటిది. నాలుగు ఊళ్లు తిరిగినవాడికే అది చెవిలో పడుతుంది. ఎక్కడ మాట సాగుతుందో, ఎక్కడ తెగుతుందో, ఏ పదం మీద గొంతు బరువు పడుతుందో పట్టుకోగలడు. ఆయన యాసలోని కచ్చితత్వం అట్లా వచ్చిందని నా నమ్మకం.

తరవాత గుంటూరు. బళ్లో లెక్కల మాస్టారు, సాయంత్రమైతే రిహార్సల్సు. ఇట్లాంటి బతుకు ప్రపంచంలో చాలామంది నటులది. ఐర్లండులో బ్యారీ ఫిట్జెరాల్డ్ అని ఒక మహానటుడు ఉండేవాడు. పగలు డబ్లిన్‌లో ప్రభుత్వ గుమాస్తాగిరీ, రాత్రి ఆబీ థియేటర్లో వేషం. నలభై దాటాక గానీ ఉద్యోగం వదల్లేదు. ఆ తరవాత హాలీవుడ్ వెళ్లి, 1944 నాటి ‘గోయింగ్ మై వే’ సినిమాకు ఆస్కార్ అందుకున్నాడు. ఆయన్ని ఇక్కడ తలవడానికి ఇంకో కారణం ఉంది. ఐరిష్ యాసను ఇంగ్లీషు రంగస్థలం చాలాకాలం తాగుబోతుకో, వెర్రివాడికో అంటగట్టి నవ్వుకుంది. ఆ యాసలో కన్నీళ్లూ కవిత్వమూ ఉన్నాయని చూపించడానికి ఆబీ నటులు కష్టపడాల్సి వచ్చింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

నల్గొండలో ‘గప్‌చుప్’ నాటకం ఆడుతుండగా చూసి దర్శకుడు దాసరి నారాయణరావు గారు మెచ్చి, నిర్మాత రామానాయుడు గారికి పరిచయం చేశారు. 1988లో ‘బ్రహ్మపుత్రుడు’ వచ్చింది. ఇంకో పాతిక సినిమాలైనా ఇల్లు గడవలేదు. మళ్లీ గుంటూరు, మళ్లీ నల్లబల్ల, సుద్దముక్క. వెండితెర మీద కనిపించిన మనిషి తిరిగొచ్చి పిల్లలకు భిన్నాలు చెప్పుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

1997లో ‘ప్రేమించుకుందాం రా’. అప్పటికి ఆయనకు యాభై దాటింది. అంతవరకూ తెలుగు సినిమాలో పెద్దమనిషి కృష్ణా, గుంటూరు తెలుగే మాట్లాడేవాడు. మొదటిసారి ఒక మనిషి మన గొంతుతో గద్దించాడు, మన గొంతుతోనే కూతురిని పిలిచాడు. నంద్యాలలో ఆ సినిమా చూస్తున్నప్పుడు హాల్లో లేచిన కేక ఇంకా నా చెవుల్లో ఉంది. జనం చప్పట్లు కొట్టింది విలనుకు కాదు. ‘యాడికి’, ‘ఏంటికి’ అన్న మాటలు తెరమీద వినపడినందుకు. నంది అవార్డు మాత్రం తరవాత ‘జయం మనదేరా’కు వచ్చింది.

1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, ఇంకా ఎన్నో. మన యాస రాష్ట్రమంతా తెలిసింది. కానీ సుమోలతో, వేటకొడవళ్లతో కలిపి తెలిసింది. ఆ రోజుల్లో హైదరాబాదులో అద్దె ఇల్లు వెతుక్కుంటూ ‘మాది ఆళ్లగడ్డ పక్కన’ అన్నాను. ఇంటాయన నన్ను కిందికీ పైకీ చూసి, ‘సామాన్లలో బాంబుల్లేవు కదా’ అన్నాడు. ఆయనకది సరదా. నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు. ఇందాక చెప్పిన ఐరిష్ యాసకు పట్టిన గతే మన యాసకూ పట్టింది. వేరుశనగ, జొన్న పండించి, కుందూ నీళ్లకోసం ఎదురుచూసే వేలమంది గొంతు ఒక్క కక్షల కథకే కుదువ పడింది. దానికి నటుడిని తప్పుపట్టను. వచ్చిన వేషానికి ఆయన ప్రాణం పోశాడు. ఆ ఒక్క వేషమే పదేపదే ఇచ్చినవాళ్లను అడగాలి.

పైగా ఆ కుదువ విడిపించే పని మొదలుపెట్టిందీ ఆయనే. ‘కబడ్డీ కబడ్డీ’, ‘ఎవడి గోల వాడిదే’, ‘ఢీ’ సినిమాల్లో అదే మీసం, అదే గొంతు, అదే యాస. కానీ హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. మన మాట భయపెట్టడానికే కాదు, అమాయకత్వానికీ మొండితనానికీ పనికొస్తుందని తేలింది. 2020 సంక్రాంతికి వచ్చిన ‘సరిలేరు నీకెవ్వరు’లో ఆయన పలికిన మాటలు పిల్లలు వీధుల్లో చెప్పుకు తిరిగారు.

మూడు వందలకు పైగా సినిమాలు చేశాక కూడా ఆయన నాటకాన్ని వదల్లేదు. గుంటూరులో నెలనెలా నాటకాలు ఆడించారు. ‘అలెగ్జాండర్’ ఏకపాత్ర నాటకాన్ని తలకెత్తుకున్నారు. సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక ముసలాయన, ఒక ఫోను. ఫోను చేసినవాళ్ల కష్టం విని దారి చెబుతుంటాడు. దాదాపు వంద నిమిషాలు వేదిక మీద ఆయనొక్కరే. అవతలి మనిషి మనకు కనపడడు, వినపడడు. ఈయన ముఖంలోనే అవతలి ఏడుపు చూడాలి. డైలాగు చెప్పడం కన్నా వినడం నటించడం కష్టం. తెర మీద వందలమందిని గద్దించిన మనిషి, చివరికి వినే మనిషి వేషాన్ని కోరి ఎంచుకున్నారు.

2020 సెప్టెంబరు 8 పొద్దున గుంటూరులో ఇంట్లోనే గుండెపోటుతో పోయారు. కరోనా కాలం. సినిమా హాళ్లు మూతపడి నెలలు గడిచాయి. మనం కడసారి చూసి రావడానికి కూడా వీల్లేకపోయింది.

నిర్వాహకులకు ఒక విన్నపం. వచ్చే ఏడు ఈ వేదిక మీద నాలాంటివాడి ఉపన్యాసం వద్దు. వెనక గోడవార నిలబడిన పిల్లలతో ఒక నాటకం ఆడించండి. అందులో డాక్టరమ్మ ఉండాలి, బ్యాంకు మేనేజరు ఉండాలి, లెక్కల మాస్టారు ఉండాలి. అందరూ మన మాటే మాట్లాడాలి. ఎవరి చేతిలోనూ కొడవలి ఉండకూడదు. రిహార్సల్సుకు సాయంత్రం ఐదింటికల్లా నేను వచ్చి కూర్చుంటాను.