ఆ స్వరము ఎవరిది?

మానాపురము సంతలో ఎడ్లు కొనువారిని మేము చిన్ననాటినుండి చూచుచున్నాము. గజపతినగరము చుట్టుపట్ల రైతు ఎంత అమాయకుడైనను ఎద్దును కొనునప్పుడు మాత్రము అమాయకుడు కాడు. నోరు తెరపించి పళ్లు చూచును. మెడమీద చేయి వేసి కాడి రాపిడి తడిమి చూచును. సుళ్లు లెక్కపెట్టును. నాలుగడుగులు నడిపించి, వెనుకకు త్రిప్పి, మరల నడిపించును. ఇంత మంచి ఎద్దు ఈ ప్రాంతమున లేదని అమ్మువాడు ఎన్ని ఒట్లు పెట్టినను, తన వెంట వచ్చిన పెద్దవానిని చాటునకు పిలిచి ఒక మాట అడుగనిదే పైకము మూట విప్పడు. ఇందుకు అమ్మువాడు కోపగించుకొనడు. కోపగించుకొన్నచో ఆ ఎద్దులో ఏదో లోపమున్నదని సంత అంతటికిని తెలిసిపోవును.

ఆ రైతే ఆ సాయంకాలము ప్రార్థనకూటమునకు పోయి కూర్చుండును. అక్కడ ఒకడు లేచి, ప్రభువు నాతో ఇట్లు చెప్పెను అనును. ఇప్పుడు మన రైతు పళ్లు చూడడు, నడిపించి చూడడు, పెద్దవానిని చాటునకు పిలువడు. పరీక్షించుట అవిశ్వాసమని అతనికి ఎవరో నేర్పిరి. నేర్పినవారిలో మావంటివారును ఉన్నారని ఒప్పుకొనక తప్పదు.

క్రైస్తవ జీవితమున వివేచన అను మాట తరచుగా వినబడుచుండును. దానికి పెద్ద అర్థము చెప్పనక్కరలేదు. మనస్సులో పుట్టిన ప్రేరణగాని, నిద్రలో వచ్చిన కలగాని, పరుల నోట విన్న ప్రవచనముగాని దేవునినుండి వచ్చినదా, మన కోరికనుండి వచ్చినదా, లేక మరియొకరి అవసరమునుండి వచ్చినదా అని గుర్తుపట్టుటయే వివేచన. చెప్పుటకు ఇంతే. చేయవలసి వచ్చినప్పుడు అది ఎంత కష్టమో మాకు ఒక రాత్రి తెలిసినది.

కొన్ని సంవత్సరముల క్రితము గజపతినగరమునకు నాలుగైదు మైళ్ల దూరమున ఒక పల్లెలో మూడు రాత్రులు కూటములు జరిగెను. దూరమునుండి ఒక బోధకుడు వచ్చెను. కంఠము మంచిది, పాట మంచిది, బైబిలు అతనికి కరతలామలకము. రెండవ రాత్రి ఒక కూలివాడు తన ఎనిమిదేండ్ల కూతురును భుజముమీద వేసికొని తెచ్చెను. పది దినములుగా విడువని జ్వరము. పెదవులు ఎండిపోయి, కడుపు ఉబ్బి, పిల్ల కన్ను తెరచుటయే కష్టముగా ఉండెను. బోధకుడు ఆమె తలపై చేయి ఉంచి ప్రార్థించి, స్వస్థత అనుగ్రహింపబడినదని తనకు స్పష్టముగా వినిపించెననియు, ఇక మందు ముట్టినచో ఆ కృప తొలగిపోవుననియు చెప్పెను. కూటమంతయు ఆమేన్ అనెను. మేమును అంటిమి. నమ్మి అన్నామా అని అడిగినచో, లేదు. అందరి నడుమ నోరు మూసికొని కూర్చుండుటకు ధైర్యము చాలక అంటిమి.

కూటము ముగిసిన తరువాత ఒక ముసలమ్మ మా దగ్గరకు వచ్చెను. ఆమెను అందరును మామ్మగారు అందురు. చదువు రాదు. కీర్తనలు మాత్రము వరుసగా కంఠస్థము. ఆమె మెల్లగా అన్న మాటలు ఇవి: "ఆయన మాట నిజమే అనుకో బాబూ. ఆస్పత్రికి తీసుకెళ్లినా పిల్ల బతుకుతాది గదా? అబద్దమైతే ఎవులేడుత్తారు?"

ఆ ప్రశ్నకు మా యొద్ద సమాధానము లేకపోయెను. ఆమె సమాధానముకొరకు ఆగలేదు కూడ. పిల్ల తండ్రిని ఒప్పించుటకు ఆమెకు తెల్లవారువరకు పట్టెను. అతడు భయపడుచుండెను; పిల్ల పోవునని కొంత, మందిచ్చినందువలన పిల్ల పోయినదని ఊరు అనునని కొంత. ఉదయపు రైలునకు ముగ్గురును విజయనగరము పోయిరి. టైఫాయిడ్ అని వైద్యులు చెప్పిరి. మూడు వారములకు పిల్ల ఇంటికి వచ్చెను. అటుపిమ్మట ఆ బోధకుడు వేరొక గ్రామమున, గజపతినగరము దగ్గర తన ప్రార్థనవలన ఒక బాలిక లేచెనని సాక్ష్యము చెప్పెనట. ఆస్పత్రి ప్రసక్తి అందులో లేదని విన్నవారు చెప్పిరి.

దేవుడు స్వస్థపరచడని మేము చెప్పుట లేదు. ఆ మూడు వారములును మేము ప్రార్థన మానలేదు. మేము చెప్పుచున్నది వేరు. ఆ రాత్రి ఆ మాటకు ఒక కంచె కట్టబడెను: పరీక్షింపరాదు, పరీక్షించినచో చెడును అని. సంతలో ఎద్దును నడిపింపనీయని బేరగాని మాట వంటిది అది. మామ్మగారు ఆ కంచెను చూచెను. మేము బోధకుని కంఠమును వినుచుంటిమి.

పౌలు థెస్సలొనీకయవారికి వ్రాసిన మొదటి పత్రిక చివర రెండు ఆజ్ఞలు ప్రక్కప్రక్కనే ఉన్నవి. ప్రవచించుటను చులకన చేయవద్దని ఒకటి. వెనువెంటనే, సమస్తమును పరీక్షించి మేలైనదానిని పట్టుకొనుడని మరియొకటి. ఈ రెండిటిని విడదీసినందువలననే మనకు చిక్కులు వచ్చుచున్నవి. కొందరు మొదటిది మాత్రమే పట్టుకొని ప్రతి కలకును వశులగుదురు. కొందరు రెండవది మాత్రమే పట్టుకొని దేవుడు ఇక మాటలాడడన్నట్లు బ్రతుకుదురు. బెరయవారు పౌలంతటివాని బోధనే విని, అది నిజమో కాదో లేఖనములలో ప్రతిదినము వెదకి చూచిరి. అపొస్తలుల కార్యముల గ్రంథము అందుకు వారిని మెచ్చుకొనెను గాని నిందింపలేదు.

మా ఆమేన్ మమ్మును చాలకాలము బాధించినది. అందువలన యిర్మీయా గ్రంథములోని ఇరువదియెనిమిదవ అధ్యాయము మాకు అప్పటినుండి దగ్గరయ్యెను. బబులోను రాజు యెరూషలేము మందిరపు ఉపకరణములను పట్టుకొనిపోయిన దినములవి. యిర్మీయా మెడమీద కొయ్యకాడి మోయుచు, ఆ రాజునకు లోబడుడని ప్రజలకు చెప్పుచుండెను. అప్పుడు హనన్యా అను ప్రవక్త మందిరములో యాజకుల యెదుట నిలిచి, రెండేండ్లలోగా ఉపకరణములును చెరపట్టబడినవారును తిరిగి వచ్చెదరని ప్రకటించెను. యిర్మీయా ఏమనెను? ఆమేన్ అనెను! ప్రభువు అట్లే చేయునుగాక అనెను. తన ప్రజలకు మేలు కలుగునన్నచో అతనికి మాత్రము చేదా? అయితే ఆమేన్ అని ఊరకుండలేదు. సమాధానము ప్రకటించు ప్రవక్త మాట నెరవేరినప్పుడే అతనిని దేవుడు పంపెనని తెలియునని అందరి యెదుట చెప్పెను. హనన్యా ఆ కొయ్యకాడిని తీసి విరుగగొట్టెను. యిర్మీయా వాదింపక తన త్రోవను వెళ్లిపోయెను. దేవుని వాక్కు మరల తనకు వచ్చినప్పుడే తిరిగి వచ్చి మాటలాడెను.

ఆ వెళ్లిపోవుట మాకు ఎంతో విలువైనదిగా తోచును. నిజమైన ప్రవక్త తన యొద్ద వెంటనే సమాధానము లేనప్పుడు లేదనుకొని వెళ్లిపోగలడు. హనన్యా వంటివానికి ఆ ఓపిక ఉండదు. తరువాతి అధ్యాయమున యిర్మీయా చెరలోనున్నవారికి జాబు వ్రాసెను: ఇండ్లు కట్టుకొనుడు, తోటలు నాటుకొనుడు, మీరున్న ఊరి క్షేమముకొరకు ప్రార్థించుడు, డెబ్బదియేండ్లు పట్టునని. రెండేండ్ల మాట విన్నవారు మూటలు కట్టుకొని కూర్చుందురు. డెబ్బదియేండ్ల మాట విన్నవారు చెట్లు నాటుదురు.

అయితే తప్పు మాటను బట్టియే అబద్ధపు ఆత్మను గుర్తింపవచ్చునా అన్నచో, ఫిలిప్పీ పట్టణపు సంగతి అడ్డము వచ్చును. అక్కడ సోదె చెప్పు దాసి యొకతె పౌలు వెంటబడి, ఈ మనుష్యులు దేవుని దాసులని అనేక దినములు కేకలు వేసెను. ఆమె చెప్పినది నిజమే. పౌలునకు అది ఉచితముగా వచ్చిన ప్రచారము. మనమైనచో ఆమెను వేదిక ఎక్కించియుందుము. పౌలు వ్యాకులపడి ఆమెను ఆ ఆత్మనుండి విడిపించెను. విడిపింపగానే ఎవరికి కోపము వచ్చినదో చూడుడు: ఆ పిల్ల సోదెవలన లాభము తినుచున్న యజమానులకు. కాబట్టి మాట నిజమా అని మాత్రమే అడిగిన చాలదు. ఆ మాటవలన ఎవరి సంచి నిండుచున్నది, ఎవరు బంధింపబడుచున్నారు అనియు అడుగవలెను. నేడు చేతిలోని ఫోనులోనే దినమునకొక ప్రవచనము వచ్చుచున్నది. దాని క్రిందనే కానుక పంపవలసిన సంఖ్యయు వచ్చుచున్నది. ప్రతివాడును మోసగాడని మేము అనము. ఆ సంఖ్యను కూడ చదువుడని మాత్రము అందుము.

ఇతరుల మాటను పరీక్షించుట ఒక ఎత్తు, మన లోపలి మాటను పరీక్షించుట మరియొక ఎత్తు. స్పెయిను దేశపు ఇగ్నేషియస్ లొయోలా 1521లో పాంప్లోనా కోట పోరాటమున గుండుదెబ్బ తిని, కాలు విరిగి, మంచము పట్టెను. పొద్దుపోక ఒకప్పుడు వీరుల సాహసములను, ఒకప్పుడు క్రీస్తు చరిత్రలోను భక్తుల చరిత్రలలోను చదివినవానిని తలపోయుచుండెను. తలచునంతసేపు రెండును ఇంపుగానే ఉండెను. తరువాత మాత్రము మొదటివి మనస్సును ఎండబెట్టి పోవుచుండెను, రెండవవి ఆనందమును మిగుల్చుచుండెను. ఆ తేడాను గమనించుటనుండియే ఆయన వివేచన నియమములు పుట్టినవి. భోజనము చేయునప్పటి రుచికంటె భోజనానంతరపు కడుపు నిజము చెప్పునని మన ఇండ్లలోని పెద్దలకును తెలిసినదే.

లోపలి స్వరము నిజమైనదే అయినను, దానిని మనము చదువుటలో పొరపాటు పడవచ్చును. దీనికి దృష్టాంతము దూరముననే గాక, మా ఊరిగుండ పోవు రైలుమార్గముననే ఉన్నది. విజయనగరమునుండి పార్వతీపురము వైపు పోవు బండి గజపతినగరము దాటి బొబ్బిలి చేరును. ఆ బొబ్బిలికి 1879లో జార్జి చర్చిల్ అను కెనడా బాప్తిస్టు మిషనరీ వచ్చి నివసించెను. అతని భార్య మెటిల్డా చర్చిల్ ఆ ఊర బహుకాలము పనిచేసెను. అయితే వారు స్వదేశమునుండి బయలుదేరినప్పుడు బొబ్బిలికి బయలుదేరలేదు. తెలుగుదేశమునకే బయలుదేరలేదు.

కెనడా తూర్పుతీరపు రాష్ట్రముల బాప్తిస్టు సంఘములు, సయాము దేశమందలి కరెను జనులకు సువార్త అందించుట తమకు దేవుడిచ్చిన పని అని నమ్మినవి. బర్మాలో కరెనులు వేలకొలదిగా క్రైస్తవులైరి గనుక, సరిహద్దునకు ఆవల సయాములోను అట్లే జరుగునని ఆశించిరి. 1873లో చర్చిల్, శాన్‌ఫర్డ్, ఆర్మ్‌స్ట్రాంగ్ మొదలగువారిని ఆ పనికి ఏర్పరచిరి. వారు వెళ్లి ఏమి చేసిరి? సయాములో తిరిగి చూచిరి. ఎక్కడ ఎన్ని కరెను గ్రామములున్నవో విచారించిరి. తాము ఊహించినంతమంది కరెనులు అక్కడ లేరని తేలెను.

ఇక్కడ ఒక్క నిమిషము ఆగుదము. స్వదేశమున స్త్రీలు చిన్న చిన్న సమాజములుగా చేరి, కొద్దికొద్దిగా కూడబెట్టి పంపిన ధనము. వీడ్కోలు కూటములు జరిగినవి, ప్రార్థనలు జరిగినవి, దేవుడు పిలిచెనని సాక్ష్యములు చెప్పబడినవి. ఇంత జరిగిన పిమ్మట, మేము అనుకొన్నది అనుకొన్నట్లు లేదని ఇంటికి వ్రాయుట ఎంత కష్టమో! హనన్యా వంటివాడైనచో, లేని కరెనులను ఉన్నారని వ్రాసియుండును. లేదా, సంఖ్యలు చూచుట విశ్వాసహీనత అనియుండును. వీరు ఉన్నదున్నట్లు వ్రాసిరి. కాకినాడలో జాన్ మక్లారిన్ 1874లోనే కెనడా బాప్తిస్టుల పని ఆరంభించియుండెను. స్వదేశపు సంఘములు ఆలోచించి సమ్మతింపగా, 1875లో వీరును తెలుగుదేశమునకు వచ్చిరి. శాన్‌ఫర్డ్ భీమునిపట్నమునకును, తరువాత చర్చిల్ బొబ్బిలికిని చేరిరి. శ్రీకాకుళమును ఆ మిషను కేంద్రములలో ఒకటి అయ్యెను.

వారి పిలుపు అబద్ధమా? మేము అట్లు తలంపము. పిలుపు నిజము, సయాము అను చిరునామా మాత్రము వారు తామే వ్రాసికొన్నది. మన జీవితములలో ఇట్టి చిరునామాలు ఎన్నో! ఈ ఉద్యోగమే దేవుని చిత్తమందుము, ఈ సంబంధమే దేవుని చిత్తమందుము. తప్పినప్పుడు దేవునినే అనుమానింతుము. సయాము పల్లెలలో కాలినడకను, పడవలమీదను తిరిగి మనుష్యులను లెక్కించుట కూడ ప్రార్థనవంటి పనియేనని మాకు తోచును. ఆ లెక్కను వారు దాచియుంచినచో మా ప్రాంతపు సంఘముల చరిత్ర మరియొక విధముగా ఉండెడిది.

మామ్మగారిని ఒకసారి అడిగితిమి: ఆ రాత్రి ఆ మాట దేవునిది కాదని మీకెట్లు తెలిసినది అని. ఆమె నవ్వెను. "నాకేటి తెలుసు బాబూ? మీరందరూ ఆయన మొగం చూసినారు. నాను పిల్ల మొగం చూసినాను" అనెను. అని చేతిలోని చేట విదుర్చుకొని లోపలికి పోయెను.

పిల్ల తండ్రి మాత్రము కొన్నాళ్లు మాతో మాటలాడలేదు. అది న్యాయమే, ఆ రాత్రి మా ఆమేన్ కూడ అతని చెవిని పడినది గదా. చాలకాలమునకు ఒక ఆదివారము గుడిమెట్లయొద్ద తానే వచ్చి, అమ్మాయికి పదవ తరగతి పరీక్షలనియు, ప్రార్థన చేయవలెననియు అడిగెను. చేసితిమి. ముగించిన తరువాత అతడు మా మొగము వంక చూచుచు కొంతసేపు నిలిచెను. పరీక్ష ఎట్లు జరుగునో మేము చెప్పలేదు.