గుండెజబ్బు పట్టణముల సొత్తు కాదు

(మంత్రాలయమున పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగము)



తుంగభద్ర ఒడ్డున, రాఘవేంద్రస్వామివారి సన్నిధిలో మిమ్ము కలిసికొనుట మాకు సంతోషము. 1671లో స్వామివారు బృందావన ప్రవేశము చేసిన నాటినుండి జనులు ఆరోగ్యము కోరి ఇచ్చటికి వచ్చుచునే యున్నారు. రోగము వచ్చిన పిదప మ్రొక్కుకొనువారు కొందరు, రాకుండ మ్రొక్కుకొనువారు కొందరు. నేడు మేము చెప్పదలచినది ఆ రెండవవారికి సంబంధించిన సంగతి.

గుండెజబ్బును గూర్చి మాటలాడుటకు వచ్చితిమని చెప్పగానే ముందు వరుసలోని పెద్దాయన ఒకరు నవ్వి, "అది కూకొని తినేటోళ్ల రోగం గద సారూ, మాకెందుకు వచ్చాది?" అని యడిగినారు. ఆయన యడిగినది మంచి ప్రశ్న. కొంతకాలము క్రిందటివరకు చదువుకొన్నవారును అట్లే తలంచెడివారు. కాని సమాధానము మన రాష్ట్రపు పల్లెలలోనే దొరికినది. 2003-2004లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో ఒక సంవత్సరమున సంభవించిన మరణములను ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి పోయి విచారించి వ్రాసికొనిరి. మొత్తము 1,354 మరణములు. అందు నూటికి 32 గుండె, రక్తనాళముల వ్యాధులవలన కలిగినవి. మరి యే కారణమువలనను అంతమంది పోలేదు.

గోదావరి నీరు పారు సీమ వేరు, మన మెట్టసీమ వేరు అని మీరనవచ్చును. నిజమే. కాని మీ తాతల కాలపు కంచమును నేటి మీ కంచము ప్రక్కన పెట్టి చూడుడు. ఆనాడు జొన్నరొట్టె, కొర్రన్నము, రాగిసంకటి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిమ్మట పండుగనాటి వరియన్నము దినదినాహారమైనది. ఆకలి తీర్చిన ఆ బియ్యమును మేము నిందింపము. ఆకలితో పండుకొన్నవానికే దాని విలువ తెలియును. అయినను మూడు పూటల తెల్లని అన్నమే తినుచు, కాయకష్టము తగ్గినచో, షుగరు వ్యాధికి తలుపు తీసినట్లే. గుంటక, నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది. పొలమునకు నడిచిపోవువారు మోటారు సైకిలెక్కిరి. ఉదయమున హోటలులో ఉగ్గాని, బజ్జీ, ఆపైన టీ, ఆపైన బీడీ. పెద్దాయన చెప్పిన "కూకొని తినుట" పల్లెకును వచ్చినది, మనము గమనింపలేదు.

గుండె చేయు పనిని తెలిసికొనుటకు మీ బోరుబావి మోటారును తలచుకొనుడు. అది నీటిని తోడి గొట్టములగుండ చివరి మడి దాక పంపును. పిడికిలియంత గల గుండెయు అట్లే, దినమునకు ఇంచుమించు లక్షమార్లు కొట్టుకొనుచు రక్తమును ఒడలంతయు పంపుచున్నది. కరెంటు పోయినప్పుడైనను మోటారునకు విశ్రాంతి కలదు, దీనికి అదియు లేదు. ఉప్పునీటివలన గొట్టము లోపల గార కట్టినచో ధార సన్నగిల్లి మోటారు వేడెక్కుట మీరెరిగినదే. గుండెకండకు రక్తమునిచ్చు సన్నని నాళములందు అట్లే కొవ్వు పేరుకొనును. దానిపై రక్తము గడ్డకట్టి దారి మూసికొనుటయే గుండెపోటు. రక్తమందని భాగము నీరందని మడివలె ఎండిపోవును. మడికి మరునాడు నీరు పెట్టవచ్చును గాని, చచ్చిన గుండెకండ మరల బ్రతుకదు.

ఈ గారను పెంచునవి ఏవి? అమెరికాలోని ఫ్రామింగ్‌హాం అను ఊరిలో 1948 మొదలుకొని 5,209 మంది స్త్రీపురుషులను వైద్యులు ఏండ్ల తరబడి పరీక్షించుచు వచ్చిరి. అధిక రక్తపోటు, రక్తములోని కొవ్వు, పొగాకు, మధుమేహము గుండెకు శత్రువులని అట్టి పరిశీలనలవలన తేటపడినది. అంతకు పూర్వము, వయసు పెరిగినకొలది రక్తపోటు పెరుగుట సహజమే యని వైద్యులలోనే పలువురు తలచెడివారు. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు అధిక రక్తపోటుతో బాధపడి, 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై మరణించెను. ప్రపంచమునందలి గొప్ప వైద్యులు చెంతనుండియు చేయగలిగినది స్వల్పము, ఏలయన నేటి మందులు ఆనాడు లేవు. అంతటి అధ్యక్షునికి దొరకని మాత్ర నేడు మీ ఊరి ఆరోగ్య కేంద్రమున ఉచితముగా లభించుచున్నది. దానిని మ్రింగకుండుటయే మన సమస్య.

ఏల మ్రింగరు? నొప్పి లేదు గనుక. రక్తపోటు 140కి 90 దాటినను మనిషి మామూలుగానే తిరుగుచుండును. తలనొప్పి వచ్చిననే బీపీ యున్నట్లు, తల తిరుగుట తగ్గిన బీపీ పోయినట్లు పల్లెలలో ఒక నమ్మకము కలదు. ఇది తప్పు. పట్టీ కట్టి కొలిచిననే అది తెలియును. మాత్ర వేసికొనుచుండగా లెక్క తగ్గినదనిన, మాత్ర పనిచేయుచున్నదని యర్థము, రోగము పోయినదని కాదు.

ఇచ్చట మన ప్రాంతమునకే ప్రత్యేకమైన ఒక కష్టమును చెప్పవలెను. మంత్రాలయము, కోసిగి, కౌతాళము వైపు గ్రామములనుండి ఏటేట ఎన్నియో కుటుంబములు సుగ్గికి పోవుచున్నవి. గుంటూరు సీమకు మిరపకోతకు కొందరు, బెంగుళూరునకు కట్టడపు పనికి కొందరు. పిల్లలను, మేకలను, బియ్యపు మూటను, వంటపాత్రలను లారీలో ఎక్కింతురు. మాత్రల పొట్లము మాత్రము గూటిలోనే యుండిపోవును. మేము తిరిగిన ఒక గ్రామమున నలుబదియైదేండ్ల రైతుకూలీ ఒకరు ఇట్లే మాత్రలు లేక రెండు నెలలు మిరపచేలలో పనిచేసి, పక్షవాతముతో కుడిచేయి పడిపోయి తిరిగి వచ్చినారు. సంపాదించి తెచ్చినది ఆసుపత్రి ఖర్చులకు చాలలేదు. ఆయన భార్య, "బాగుండాడు గదా అని మానేసినాము సారూ" అనినది. ఆ మాటకు మేము బదులు చెప్పలేకపోతిమి, ఏలయన ఆయనకు ఆ సంగతి ముందుగా చెప్పినవారెవరును లేరు.

సుగ్గికి పోవువారెవరో మీకు తెలియును. ఏ లారీ ఏ దినమున బయలుదేరునో గూడ తెలియును. బండి కదలుటకు వారము ముందు ఏఎన్ఎమ్‌నో, ఆశా కార్యకర్తనో పిలిచి, బీపీ, షుగరు గలవారికి రెండు నెలల మాత్రలు ఇప్పించుడు. మందు పేరు వ్రాసిన చీటీ వారి చేతనుండవలెను. ఆ చీటీ చూపి ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునందైనను మందడుగవచ్చును. ఇందుకు పంచాయతీ నిధినుండి పైసా ఖర్చు లేదు.

ఉప్పును గూర్చి ఒక మాట. మనిషికి దినమునకు 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అది ఒక చిన్న చెంచాకు సమానము. మన ఊరగాయలు, పొడులు, అప్పడములు, మజ్జిగ మిరపకాయలు తలచుకొనిన, ఆ చెంచా మధ్యాహ్నమునకే చెల్లిపోవుచున్నది. ఎండలో చెమటోడ్చువారికి ఉప్పు కావలెను గదా యందురు. మామూలు కూరలోని ఉప్పే అందుకు చాలును, కంచము ప్రక్కన మరల ఉప్పు పెట్టుకొనవలసిన పని లేదు.

పొగాకు విషయమున మెత్తగా మాటలాడుట మాకు చేతకాదు. బీడీ, సిగరెట్టు, గుట్కా, ఏ రూపమైనను అది రక్తనాళములకు చేటే. 2003 నాటి కేంద్ర చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదు, బడికి నూరు గజములలోపల అసలే అమ్మరాదు. మీ ఊరి బడి గేటునుండి నూరు గజములు కొలిచి, ఏయే అంగళ్లు అందులో పడునో చూడుడు. ఆ అంగడి మన బావమరిదిదైనను సరే.

మంత్రాలయమున నిలిచి ఉపవాసములను గూర్చి చెప్పక పోరాదు. ఏకాదశినాడు నీరైనను ముట్టని నిష్ఠాపరులు ఇచ్చట గలరు. వారి భక్తికి మా నమస్కారము. కాని షుగరు మాత్ర మ్రింగియో, ఇన్సులిను వేసికొనియో కడుపు ఖాళీగా నుంచినచో, రక్తములో చక్కెర హఠాత్తుగా పడిపోయి స్పృహ తప్పవచ్చును. వ్రతము మానుమని చెప్పుటకు మేమెవరము? ముందుగా వైద్యుని అడిగి, మాత్ర ఎప్పుడు ఎంత వేయవలెనో తెలిసికొనుమందుము. రోగులకు, వృద్ధులకు సడలింపు కలదని పెద్దలే చెప్పుదురు.

పిల్లల విషయము వేరు. గొంతునొప్పి, జ్వరము వచ్చి తగ్గిన రెండు మూడు వారములకు మోకాళ్లు, మోచేతులు ఒకదాని తరువాత ఒకటి వాచినచో, అది ఎదుగుదల నొప్పి యనుకొని ఊరకుండరాదు. ఆ కీళ్లవాతపు జ్వరము గుండె కవాటములను పాడుచేయును. వైద్యుడు చెప్పినచో మూడు నాలుగు వారములకొకమారు పెన్సిలిన్ సూది ఏండ్ల తరబడి తప్పక వేయింపవలెను. హాస్టలులో చదువు పిల్లలకు ఈ సూదులు సెలవులలో తప్పిపోవుచున్నవి.

ఇక పోటు వచ్చిన గడియ సంగతి. రొమ్ము నడుమ బండ పెట్టినట్లు బరువు, ఎడమ చేతికిగాని దవడకుగాని ప్రాకు నొప్పి, చల్లని చెమట, వాంతి. ఆడువారికి, షుగరు గలవారికి నొప్పియే లేక ఆయాసము, నీరసము మాత్రమే కలుగవచ్చును. దీనిని గ్యాసని తలచి సోడా త్రాగించి, వీపు మర్దించి, తెల్లవారనిండని కాచుకొనుటలోనే మన పల్లెలలో ప్రాణములు పోవుచున్నవి. వెంటనే 108కి ఫోను చేయుడు. రోగిని నడిపింపకుడు, మోటారు సైకిలుపై నడుమ కూర్చుండబెట్టి తీసికొనిపోకుడు. 2023లో మన రాష్ట్రమున ప్రారంభమైన ఏర్పాటుననుసరించి, చిన్న ప్రభుత్వాసుపత్రిలో తీసిన ఇసిజిని పెద్దాసుపత్రి వైద్యుడు దూరమునుండియే చూచి, గడ్డను కరిగించు సూదిమందు అక్కడనే ఇప్పించును. ఎంత త్వరగా ఇచ్చిన అంత గుండె మిగులును. పిమ్మట కావలసిన పెద్ద చికిత్సకు, 1957లో వైద్య కళాశాల వెలసిన కర్నూలు కలదు. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై నేడు ఎన్టీఆర్ వైద్యసేవ యనబడు పథకము క్రింద, అర్హులైన పేదలకు గుండె చికిత్సలు ఉచితము.

ఇవన్నియు వైద్యశాఖ పనులు గదా, మా పంచాయతీకేమి సంబంధమని కొందరు అడుగుదురు. 1992 నాటి రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలు, ఆరోగ్యమును, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములను పంచాయతీల విషయములలో చేర్చినది. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘములో మీకు స్థానము కలదు. ఆ సంఘము కాగితముపై సమావేశమగుచున్నదో, నిజముగా సమావేశమగుచున్నదో మీకే తెలియును. ముప్పది యేండ్లు దాటిన ప్రతివారికి బీపీ, షుగరు చూడవలెనని ప్రభుత్వపు ఏర్పాటు. మీ వార్డులో ఎందరికి చూచిరి, అందులో ఎందరు మాత్రలు మానిరి, ఏ మందు నిండుకొన్నది అని తరువాతి సమావేశమున అడుగుడు. అడుగువారు లేనిచోట లెక్కలు ఎప్పుడును బాగుగనే యుండును.

వెలుపల వరండాలో నర్సుగారు బీపీ యంత్రముతో కూర్చుండియున్నారు. భోజనమునకు లేచుటకు ముందు అందరును చూపించుకొని పోవలెను. ఆ ముందు వరుసలోని పెద్దాయనతో మొదలుపెట్టుదము.