బ్యాంకు వేలంలో ఇల్లు: రేట్లు దిగుతున్నప్పుడు పాట ఎప్పుడు పాడాలి?

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒక్క ప్రశ్న మీదే. కొలిమిగుండ్ల నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టినాడు. "అన్నా, మా వీధిలో ఒక ఇల్లు బ్యాంకు వేలానికి వచ్చింది, పేపర్లో పడింది. మా పక్క రేట్లు దిగుతున్నాయి అంటున్నారు. ఇప్పుడే పాడాలా, ఇంకా పడేదాకా ఆగాలా?" ఇదీ ప్రశ్న.

ఇట్లాంటిదానికి నెట్‌లో దొరికే జవాబులు రెండే. ఒకటి, "సగం ధరకే ఇల్లు, వదలొద్దు!" అని ఎర్ర బాణం గుర్తేసిన థంబ్‌నెయిల్. రెండోది, "వేలం ఇల్లు అచ్చిరాదు, ముట్టుకోవద్దు" అనే పెద్దల మాట. సగం ధర అంటున్నారు కదా, ఎవరి ధరలో సగం? అది ఎవరూ చెప్పరు. మనం అక్కడే మొదలుపెడదాం.

ముందు ఆ ఊరి సంగతి. కొలిమిగుండ్ల తెలియని వాళ్లకు బెలుం గుహలు అంటే తెలుస్తుంది, ఆ గుహలు ఈ మండలంలోనే ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడక ముందు ఇది కర్నూలు జిల్లా. ఇక్కడ నేలంతా సున్నపురాయి. నాపరాయి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంటు. 2022 సెప్టెంబర్‌లో రామ్‌కో సిమెంటు ఫ్యాక్టరీ ఇక్కడే ప్రారంభమైంది. అంటే ఊరి బతుకంతా రాయి చుట్టూనే తిరుగుతుంది.

దీనికీ ఇంటి వేలానికీ ఏం సంబంధం అంటారా? చాలా ఉంది. ఇట్లాంటి ఊర్లలో వేలానికి వచ్చే ఇళ్లన్నీ హోమ్ లోన్ కట్టలేక వచ్చినవి కావు. ఫ్యాక్టరీకో, లారీకో, వ్యాపారానికో అప్పు తీసుకుని, దానికి ఇల్లు తాకట్టు పెట్టి ఉంటారు. రాయికి గిరాకీ తగ్గి, జనం టైల్స్ వైపు పోతే, బండల వ్యాపారం దెబ్బతింటుంది. అప్పు ఆగుతుంది, ఇల్లు వేలానికి వస్తుంది. ఆ దెబ్బకే కొనేవాళ్ల చేతిలో కూడా డబ్బు ఆడదు, అద్దెకు వచ్చేవాళ్లూ తగ్గుతారు. ఇల్లు ఎందుకు వేలానికి వచ్చిందో, ఇంటి రేటూ అందుకే పడుతోంది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ మూతపడితే పక్కన పది కంపెనీలు ఉంటాయి. చిన్న ఊర్లో అట్ల కాదు. కాబట్టి "ఇంత తక్కువకు వస్తోంది కదా" అని సంబరపడే ముందు, ఎందుకు తక్కువకు వస్తోందో కనుక్కోండి. ఆ ఒక్క ఇంటాయన కష్టమా, ఊరంతటి కష్టమా?

సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర ఇంకో సంగతి కూడా గమనించాలి. కట్టేటప్పుడు కాంట్రాక్టు పనోళ్లు, ఇంజనీర్లు వందల మంది దిగుతారు, అద్దెలు లేస్తాయి. కట్టడం అయిపోయాక నడపడానికి కావలసింది అంతకన్నా చాలా తక్కువ మంది. ఆ లేచిన అద్దె చూసి ఇల్లు కొన్నవాళ్లు తర్వాత ఇబ్బంది పడతారు.

ఇప్పుడు "అడుగు పట్టేదాకా ఆగుదాం" అనే మాట. అడుగు ఎక్కడ ఉందో దాటిపోయాక గానీ తెలియదు. అమెరికాలో ఇళ్ల ధరలు 2006లో శిఖరానికి పోయి పడడం మొదలైంది. 2008లో చాలామంది, మన తెలుగువాళ్లతో సహా, బ్యాంకులు స్వాధీనం చేసుకున్న ఇళ్ల వైపు చూశారు, "ఇంతకన్నా ఏం పడుతుంది" అనుకున్నారు. అవి 2012 దాకా పడుతూనే ఉన్నాయి. దేశం మొత్తం మీద నాలుగో వంతుకు పైగా పోయింది. లాస్ వేగాస్‌లో అయితే శిఖరం నుంచి 60 శాతం పైన. మన దగ్గర అమరావతి చూడండి. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట రాగానే స్థలాల రేట్లు కుప్పకూలాయి. 2020లో "ఇదే అడుగు" అని కొన్నవాళ్లు 2024లో ప్రభుత్వం మారేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది. అన్నేళ్లు వడ్డీ కడుతూ ఆగగలిగినవాళ్లకు సరే. ఆగలేనివాళ్లు?

అందుకే అడుగు ఎప్పుడు అనే ప్రశ్న నేను పక్కన పెట్టేస్తా. వేలంలో "ఎప్పుడు" అంటే ఎన్నో పాటలో అని అర్థం.

ఎట్లంటే, ఈ వేలాలు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద జరుగుతాయి. కంతు 90 రోజులు దాటి ఆగితే ఖాతా మొండి బాకీ అవుతుంది. బ్యాంకు 60 రోజుల గడువుతో నోటీసు ఇస్తుంది. అప్పటికీ కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుని, 30 రోజుల ముందు ప్రకటన ఇచ్చి వేలం వేస్తుంది. వేలానికి ఒక రిజర్వు ధర పెడతారు. ఆ ధర ఎక్కడి నుంచి వస్తుంది? వాల్యూయర్ రిపోర్టు నుంచి. ఆ రిపోర్టు నెలల ముందు రాసింది. రేట్లు పెరిగే కాలంలో పాత రిపోర్టు మీకు లాభం. పడే కాలంలో పాత రిపోర్టు అంటే, మీరు పోయిన ఏడాది ధరకు పాడుతున్నట్టే. మొదటి పాటకు ఎవరూ రాకపోతే బ్యాంకు ధర తగ్గించి మళ్లీ వేస్తుంది. రెండోసారికి 15 రోజుల నోటీసు చాలు. ఎంత తగ్గించాలి అనేది బ్యాంకు ఇష్టం.

సరే, ఒక లెక్క వేద్దాం. ఇవి కేవలం ఉదాహరణ అంకెలు, మీ ఊరి అంకెలు మీరు పెట్టుకోండి. ఇంటికి మొదటి రిజర్వు ధర 28 లక్షలు. అదే వీధిలో అట్లాంటి ఇల్లు ఈమధ్య నిజంగా అమ్ముడైంది 26 లక్షలకు. బ్రోకర్ చెప్పింది కాదు, చేతులు మారిన డబ్బు. ఊర్లో దస్తావేజు లేఖరిని అడగండి, ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఇంట్లో పాతవాళ్లు ఇంకా ఉన్నారు. తాళం మీ చేతికి రావడానికి ఏడాది పడుతుంది అనుకోండి. ఏడాదిలో రేటు ఇంకో 10 శాతం పడితే 2 లక్షల 60 వేలు పోతుంది. రిపేర్లు లక్షన్నర. పాత కరెంటు బిల్లు, పంచాయతీ పన్ను కలిపి 40 వేలు. ఆ ఏడాది మీరు ఉండే ఇంటికి అద్దె నెలకు 7 వేలు, అంటే 84 వేలు. మీరు కట్టేసిన 20 లక్షల మీద 9 శాతం వడ్డీ లక్షా 80 వేలు. ఇవన్నీ 26 లోంచి తీసేస్తే మిగిలేది 19 లక్షల లోపే. అదీ మీ అంకె. రిజిస్ట్రేషన్ ఖర్చు ఇందులో కలపలేదు, ఎందుకంటే మామూలుగా కొన్నా అది తప్పదు. కానీ జేబులో విడిగా పెట్టుకోండి.

ఇప్పుడు అదే ఇల్లు, కానీ ఖాళీ చేయించి తాళం బ్యాంకు దగ్గరే ఉంది. మూడు నెలల్లో మీరు చేరిపోవచ్చు. అప్పుడు ధర పతనం 65 వేలు, అద్దె 21 వేలు, వడ్డీ 45 వేలు. రిపేర్లు, బకాయిలు అవే. లెక్క చూస్తే దాదాపు 22 లక్షల 80 వేలు వస్తుంది. అంటే ఒక్క తాళంచెవి విలువ ఇంచుమించు 4 లక్షలు! రేట్లు పడే కాలంలో ఆలస్యమే అన్నిటికన్నా పెద్ద ఖర్చు, నోటీసులో ఎక్కడా రాయని ఖర్చు.

కాబట్టి నోటీసులో ముందు చూడాల్సింది ధర కాదు, "సింబాలిక్ పొజిషన్" అని ఉందా, "ఫిజికల్ పొజిషన్" అని ఉందా అనేది. సింబాలిక్ అంటే గోడకు కాగితం అంటించారు, అంతే. లోపల మనుషులు ఉన్నారు. వాళ్లను ఖాళీ చేయించాలంటే బ్యాంకు సెక్షన్ 14 కింద జిల్లా మేజిస్ట్రేట్ దగ్గరికి పోవాలి. 30 రోజుల్లో, ఎక్కువలో ఎక్కువ 60 రోజుల్లో ఆర్డర్ ఇవ్వాలని చట్టంలో ఉంది. జరిగేది వేరే కత.

మన లెక్కలో బ్యాంకు ప్రతిసారీ 10 శాతం తగ్గిస్తే 28 లక్షలు రెండో పాటకు 25.2, మూడో పాటకు 22.68, నాలుగో పాటకు 20.41, ఐదో పాటకు 18.37 అవుతుంది. తాళం బ్యాంకు దగ్గర ఉంటే మూడో పాట మీది. మనుషులు లోపల ఉంటే ఐదో పాట. మధ్యలో ఇంకెవరో 22కు పాడుకుపోతే? పోనీయండి. ఆయన లెక్క ఆయనది. పాటలో పక్కవాడు పెంచాడని మనం పెంచడమే ఈ ఆటలో ఎక్కువమందిని ముంచేది. అంకె కాగితం మీద రాసి, ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చోండి.

డబ్బు సంగతి ఇంకా గట్టిది. పాట మీకే వస్తే ఆ రోజే, లేదా మరుసటి పనిదినానికల్లా 25 శాతం కట్టాలి, ముందు కట్టిన ధరావతు అందులో కలుస్తుంది. మిగతా 75 శాతం, అమ్మకం ఖరారైన 15 రోజుల్లోపు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు పెరుగుతుంది, అదీ మూడు నెలలు దాటదు. కట్టకపోతే ఆ 25 శాతం పోయినట్టే. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకు ఇట్లాంటిదే ఒక కేసు వచ్చింది. ఒకాయన 12 కోట్ల 27 లక్షలకు పాడి, పావు భాగం కట్టి, నోట్ల రద్దు సమయంలో మిగతాది సర్దలేకపోయాడు. బ్యాంకు ఆ 3 కోట్ల పైచిలుకు మొత్తం ఉంచేసుకోవడం సరైనదే అని కోర్టు చెప్పింది. లోన్ వస్తుందిలే అని పాడకండి. ముందే బ్యాంకుతో మాట్లాడి, ఈ ఇంటి మీద లోన్ ఇస్తారో లేదో రాతలో తీసుకోండి.

కాగితాలు గబగబా చెప్తా. ఈసీ తీయండి. ఇల్లు గ్రామకంఠంలో ఉందా, లేఅవుట్‌లో ఉందా, డీకేటీ పట్టానా, నిషేధిత జాబితా 22ఎలో సర్వే నంబర్ ఉందా చూడండి. ఈ చట్టం కింద వ్యవసాయ భూమిని వేలం వేయడానికి లేదు, కాబట్టి భూమి మార్పిడి జరగని చోట ఇల్లు ఉంటే వివాదానికి తలుపు తెరిచినట్టే. "ఎక్కడున్నది అక్కడే, ఎట్లున్నది అట్లే" అనే షరతు ప్రతి నోటీసులో ఉంటుంది. పాత కరెంటు బకాయి నాకేం సంబంధం అనుకోవద్దు. అట్లాంటి షరతు మీద కొన్నవాళ్ల నుంచి కూడా వసూలు చేయవచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. డీఆర్‌టీలో కేసు ఉందేమో కనుక్కోండి. నోటీసు సరిగ్గా ఇవ్వలేదని తేలితే అమ్మకమే కొట్టేయవచ్చు.

ఇప్పుడు ఆ తమ్ముడు అడగని ప్రశ్న ఒకటి. ఆ ఇంటివాళ్లు మీ వీధివాళ్లు. రేపు పీర్ల పండగకో, పెళ్లికో ఎదురుపడేవాళ్లు. "వాళ్ల ఇల్లు మనం పాడితే ఏమనుకుంటారో" అని ఊర్లో అందరూ తప్పుకుంటారు. అది మంచితనమే, కాదనను. కానీ లెక్క చూడండి. అందరూ తప్పుకుంటే ధర దిగుతుంది. ఇల్లు తక్కువకు పోతే, తీరని బాకీ కోసం బ్యాంకు మళ్లీ వాళ్ల మీదకే పోవచ్చు. అప్పు కన్నా ఎక్కువ ధర వస్తే ఆ మిగులు వాళ్లకే చెందాలి. మీరు దూరంగా ఉన్నంత మాత్రాన వాళ్లకు మేలు జరగదు.

నన్నడిగితే, పడే మార్కెట్‌లో ఇట్లాంటి ఊర్లో కొనడానికి మంచి సమయం అసలు వేలానికి ముందే. మొదటి నోటీసు వచ్చాక, వేలం ప్రకటన పడకముందు. ఇంటాయనతో కూర్చుని మాట్లాడి, బ్యాంకు రాతపూర్వక అనుమతి తీసుకుని, అప్పు బ్యాంకుకు కట్టి, మిగిలింది ఆయనకిచ్చి, మామూలు రిజిస్ట్రేషన్ చేయించుకోవడం. తాళం వాళ్లే ఇస్తారు. అనుమతి లేకుండా మాత్రం ఒక్క రూపాయి ఇవ్వొద్దు, నోటీసు తర్వాత ఆయన సొంతంగా అమ్మడానికి లేదు.

తమ్ముడి విషయంలో ప్రకటన ఇప్పటికే పడింది. అప్పు కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు ఆ ప్రకటనతోనే ఆగుతుందని 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా దారి పూర్తిగా మూసుకోలేదు. రిజర్వు ధరకు ఎవరూ రాకపోతే, అప్పు తీసుకున్నవాళ్లు, బ్యాంకు ఇద్దరూ ఒప్పుకుంటే అంతకన్నా తక్కువకు అమ్మడానికి 9వ నిబంధనలోనే వీలుంది. తమ్ముడూ, మొదటి పాట వదిలెయ్. ఎవరూ పాడకపోతే మరుసటి రోజు ఆ ఇంటాయన దగ్గరికి పో, పెద్దమనిషిని ఎవరినైనా తోడు తీసుకుని. ఇద్దరూ కలిసి బ్యాంకు ఆథరైజ్డ్ ఆఫీసర్ దగ్గరికి పోండి. నీ అంకె కాగితం మీద రాసి తీసుకుపో. ఒప్పుకోకపోతే రెండో పాట నోటీసు ఎట్లాగూ వస్తుంది, బ్యాంక్‌నెట్ పోర్టల్‌లో ఆ ఇంటిని చూస్తా ఉండు.

వచ్చే ఎపిసోడ్‌లో ఈసీ ఫోన్లోనే ఎట్ల తీయాలో, అందులో ఏ లైన్ చదవాలో స్క్రీన్ మీద చూపిస్తా. మీ డౌట్లు వాయిస్ మెసేజ్ పెట్టండి, ఊరి పేరు చెప్పడం మర్చిపోవద్దు. ఉంటానండీ.