ఓటుకు మార్కులు వేసేదెవరు?

పట్టభద్రులైన విద్యార్థినీ విద్యార్థులకు మనస్ఫూర్తిగా అభినందనలు.

మణికొండలో ఉంటూ విదేశాంగ విధానం మనకెందుకులే అనుకోవడం కుదరదు. పక్కనే నానక్‌రాంగూడలో అమెరికా కాన్సులేట్ ఉంది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అని అమెరికా అధ్యక్షుడు ప్రకటిస్తే, ఆ దెబ్బ నేరుగా తగిలింది ఇలాంటి కాలనీలకే. ఇలాంటి విషయాల మీద చట్టసభలో ఎవరు ఎటు ఓటేశారో లెక్కగట్టి మార్కులు వేసే సంఘాలు అమెరికాలో ఎప్పటి నుంచో ఉన్నాయి. 1947లో పుట్టిన అమెరికన్స్ ఫర్ డెమోక్రటిక్ యాక్షన్ ఏడాదికి 20 ఓట్లు ఎంచుకుని నూటికి లెక్క తేల్చే పద్ధతి పెట్టింది. వలసల మీద నంబర్స్ యూఎస్ఏ ఏకంగా ఎ, బి, సి గ్రేడ్లే ఇస్తుంది.

సభలో వందల ఓట్లు జరుగుతాయి. అందులోంచి ఆ 20 ఏరినప్పుడే సగం ఫలితం తేలిపోతుంది. పైగా సభకు రానివారిని అమెరికన్స్ ఫర్ డెమోక్రటిక్ యాక్షన్ తమకు వ్యతిరేకంగా ఓటేసినట్టే లెక్కిస్తుంది. ఆస్పత్రిలో ఉన్నవారికీ, ఇబ్బంది ఎందుకని తప్పించుకున్నవారికీ ఒకటే సున్నా. నియమాన్ని వాళ్లు దాచడం లేదు కాబట్టి ఇది మోసం కాదు. కానీ పేపర్లో చివరి అంకె ఒక్కటే చదివినవారికి ఇదంతా ఎలా తెలుస్తుంది?

మీ సీనియర్లకు బాగా తెలిసిన బిల్లునే తీసుకోండి. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతం మించకూడదన్న పరిమితిని ఉద్యోగ కోటాలో ఎత్తేసే బిల్లు 2019 జులై 10న ప్రతినిధుల సభలో 365–65తో గెలిచింది. మనవాళ్ల సంఘం మార్కులు వేస్తే ‘అవును’ అన్నవారికి నూరు. తమ వంతు వెనక్కి పోతుందని భయపడ్డ ఇతర దేశాలవారి సంఘం వేస్తే అదే ఓటుకు సున్నా. తర్వాత 2020 డిసెంబరు 2న సెనేట్ తన రూపంలో ఆమోదించింది, అదీ ఏకగ్రీవ సమ్మతితో. ఎవరి పేరూ నమోదు కాలేదు. రెండు సభల బిల్లులూ ఒకటి కాకుండానే గడువు తీరిపోయింది.

మన దగ్గరికి వద్దాం. అమెరికాతో పౌర అణు ఒప్పందం వద్దని వామపక్షాలు మద్దతు ఉపసంహరించాక, 2008 జులై 22న లోక్‌సభలో విశ్వాస పరీక్ష జరిగింది. ప్రభుత్వానికి 275, వ్యతిరేకంగా 256. నల్గొండ సీపీఐ ఎంపీ సురవరం సుధాకర్‌రెడ్డి వ్యతిరేకంగా, హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ అనుకూలంగా ఓటేశారు. తెలుగుదేశానికి ఉన్న ఐదుగురిలో మందా జగన్నాథం, డీకే ఆదికేశవులు పార్టీ విప్‌ను కాదని ప్రభుత్వం వైపు నిలిచారు. వీటికి మార్కులు ఎలా వేస్తారు? ఆ రోజు ఓటు ఒప్పందం మీద కాదు, ప్రభుత్వం ఉండాలా పోవాలా అన్నదాని మీద. అమెరికాకు దగ్గర కావాలని తన హయాంలో కోరుకున్న బీజేపీ కూడా వ్యతిరేకంగానే ఓటేసింది. ఆ ఒప్పందం నీడ తర్వాత శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ మీద పడింది. అణు విద్యుత్ కేంద్రం కోసం ఊరు ఖాళీ చేయాల్సిన మత్స్యకారుల కుటుంబాల ప్రశ్న ఆ 275లోనూ లేదు, 256లోనూ లేదు.

ఆ మాత్రం నమోదు కూడా మనకు అరుదు. విదేశాలతో ఒప్పందానికి పార్లమెంటు ఆమోదం తప్పనిసరని రాజ్యాంగం ఎక్కడా అనలేదు. సభకు వచ్చిన బిల్లులు ఎక్కువగా మూజువాణి ఓటుతో గట్టెక్కుతాయి. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం వల్ల విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. అందుకే మన ఎంపీల పనితీరు అనగానే హాజరు, ప్రశ్నలు, చర్చల లెక్కలే వస్తాయి. 2005లో మొదలైన పీఆర్ఎస్ సంస్థ ఆ వివరాలు శ్రద్ధగా అందిస్తోంది, వారికి మనమంతా రుణపడి ఉన్నాం. కానీ రెండు వందల ప్రశ్నలు అడిగిన ఎంపీ యుద్ధం, వాణిజ్యం, వీసాల విషయంలో ఎటు నిలిచారో ఆ అంకె చెప్పదు. నాకు బాధ కలిగించేది ఇదే.

మీలో చాలామంది రేపు మార్కులు వేసే వ్యవస్థలే రాస్తారు. ఎవరికి అప్పివ్వాలి, ఎవరి రెజ్యూమె ముందుకు పోవాలి అని తేల్చేది మీ కోడే. దేన్ని లెక్కలోకి తీసుకున్నారో, దేన్ని వదిలేశారో, వివరాలు లేనివారిని ఎలా లెక్కగట్టారో అంకె పక్కనే రాయండి. మీ మేనేజర్ అడగకపోయినా రాయండి.

ఇంకో పని కూడా మీరు చేయగలరు. లోక్‌సభలో ఒక్క సభ్యుడు మూజువాణిని సవాలు చేసినా డివిజన్‌కు దారి తెరుచుకుంటుంది. మూడున్నర నిమిషాలు గంట మోగుతుంది, తర్వాత పేరుపేరునా ఓట్లు నమోదవుతాయి. అక్కర్లేదనిపిస్తే స్పీకర్ సభ్యులను నిలబెట్టి తలలు లెక్కించి ఊరుకోవచ్చు. అయినా అడిగారన్న సంగతి రికార్డులో ఉంటుంది. మణికొండ చేవెళ్ల లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. మీ ఎంపీకి ఉత్తరం రాయండి: ఈ సమావేశాల్లో ఏ బిల్లుపై డివిజన్ అడిగారు? విప్ లేకపోతే ఎటు ఓటేసేవారు? వచ్చిన జవాబును తేదీతో సహా అందరికీ కనిపించేలా పెట్టండి. రాకపోతే రాలేదనీ రాయండి. తెలుగు ఎంపీలందరి మీదా అలాంటి మొదటి పట్టిక ఈ కాలేజీ నుంచి వస్తే, దాన్ని చూడటానికి మళ్లీ వస్తాను.