ఇంగ్లీషు పలుకుబడి

పెద్దవయస్సున ఇంగ్లీషు మాటలను నేర్చుకొనుట యెట్లు అను విషయమును గూర్చి నేడు కొంత ముచ్చటింపదలచితిని.

సంగారెడ్డి నానుకొనియున్న పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో నిలిచి నలువైపుల జూచినచో ఈ విషయమెంత యక్కరకు వచ్చునదియో తెలియగలదు. దుకాణముల పలకలయందు ఇంగ్లీషు, మందుసీసాలపై ఇంగ్లీషు, పటాన్‌చెరు కర్మాగారములకు సరకు మోయు లారీలపై ఇంగ్లీషు. ఆ దారి వెంబడి 1972లో నెలకొనిన ఇక్రిశాట్ క్షేత్రమున్నది, రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్. యున్నది, కందిలో ఐ.ఐ.టి. యున్నది. 2022-23 విద్యాసంవత్సరము మొదలు తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలయందును ఇంగ్లీషు మాధ్యమము క్రమముగా ప్రవేశించినది. మనుమలు చదువుచున్నారు; తాతలు ప్రక్కన కూర్చుండి, "మాకేల వచ్చును?" అని నిట్టూర్చుచున్నారు. ఈ నిట్టూర్పు అనవసరమని నా మనవి.

ఏలయన, మీకు ఇంగ్లీషు కొంత వచ్చియేయున్నది. రైలు, టికెట్టు, పోస్టు, కోర్టు, అప్పీలు, డాక్టరు, కరెంటు, మోటారు. వీనిని మీరు ఏ బడిలో నేర్చితిరి? అంతకుముందు నైజాము పాలనలో ఉర్దూ రాజభాషగా నున్నపుడు, అక్షరము తెలియని రైతుసహితము దరఖాస్తు, రశీదు, పట్టా, తహశీలు, జమాబందీ అను మాటలను తడుముకొనకుండ పలికెను. అలమార, బొత్తాము అనునవి పోర్చుగీసువారి సొమ్ము. వస్తువు వచ్చినపుడు దానితోపాటు పేరు వచ్చినది. పని పడినపుడు మాట యలవడినది. మాటకు మూలము పని. కావున పుస్తకమును మొదటి పుటనుండి వల్లించుట కంటె, మీ చేతికి వచ్చు మందుసీసాను, బ్యాంకు కాగితమును, కరెంటు బిల్లును ఇంటిలో చదువుకొనినవానిచే చదివించుకొని అర్థము తెలిసికొనుట మేలు.

అయితే ఇచట నొక జాగ్రత్త వలయును. మన ఇంట చేరిన మాట తన పుట్టినింటి యర్థమునే చెప్పునను నియమము లేదు. మనకు హోటలన భోజనము దొరకుచోటు. ఇంగ్లీషువారికి హోటలన బసచేయు చోటు. మనకు బోరన నీటిగొట్టము దింపిన బావి. వారు ఒక మనిషిని "బోర్" అనినచో, వాని మాట విసుగు పుట్టించునని భావము. "ఎక్స్‌పైర్" అను మాటను మనిషిని గూర్చి వాడినచో మరణించెనని యర్థము. మందును గూర్చి వాడినచో దాని గడువు తీరెనని యర్థము. "ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ" అని సీసాపై నున్న మందును ఒంటిపై పూసికొనవలెనే కాని లోనికి పుచ్చుకొనరాదు. ఇట్టి మాటలు తెలియకపోవుట వలన పోవునది పరువు కాదు, ప్రాణము.

ఇంతకంటెను ముఖ్యమైన మాట యొకటి గలదు. పెట్రోలు మోయు లారీల వెనుక "హైలీ ఇన్‌ఫ్లేమబుల్" అని ఎఱ్ఱని అక్షరములతో వ్రాసియుండుటను మీరు చూచియుందురు. "ఇన్" అను నుపసర్గ ముందు చేరినచో చాలచోట్ల "కాదు" అను నర్థము వచ్చును. "కంప్లీట్" అన పూర్తియైనది, "ఇన్‌కంప్లీట్" అన పూర్తికానిది. "వాలిడ్" అన చెల్లునది, "ఇన్‌వాలిడ్" అన చెల్లనిది. ఈ లెక్కను బట్టి "ఇన్‌ఫ్లేమబుల్" అనగా మండనిదని క్రొత్తగా నేర్చువాడు తలచుట సహజము. కాని దాని యర్థము సరిగా దానికి విరుద్ధము: ఇట్టే అంటుకొనునది. లాటిను భాషనుండి వచ్చిన ఈ మాటలో "ఇన్" అనునది నిషేధము కాదు, "లోనికి" అని చెప్పునది. అమెరికాలో అగ్నిప్రమాదముల నివారణకు పాటుపడువారు ఈ భ్రమను గుర్తించి, 1920 ప్రాంతమునుండియే "ఫ్లేమబుల్" అని వ్రాయుడని చెప్పుచు వచ్చిరి. నేటికిని రెండు మాటలును వాడుకలో నున్నవి, రెండింటికిని అర్థమొకటియే. రసాయన కర్మాగారములలో పనిచేయు బిడ్డలుగల తల్లిదండ్రులు ఈ యొక్క మాటనైనను వారిచే పలికించి, అర్థము చెప్పించుకొనవలెనని కోరుచున్నాను.

ఇందులో మనకు వింత యేమియు లేదు. వియోగములో "వి" యెడబాటును చెప్పును. విజయములో అదే "వి" జయమును మఱింత గట్టిచేయును. ఉపసర్గను చూచి కాదు, మొత్తము మాట యే సందర్భమున వచ్చినదో చూచి మనము అర్థము గ్రహింతుము. ఇంగ్లీషునందును అట్లే చేయవలెను.

ఇక నుడికారము మాట. "పుట్" అనగా పెట్టు అని నిఘంటువు చెప్పును. కాని "పుట్ ఆన్" అనగా తొడుగుకొనుట, "పుట్ ఆఫ్" అనగా వాయిదా వేయుట, "పుట్ అవుట్" అనగా మంట నార్పుట, "పుట్ అప్ విత్" అనగా ఓర్చుకొనుట. ఇదేమి గందరగోళమని విసుగుకొనవలదు. మన "పెట్టు"ను చూడుడు: కనిపెట్టు, తలపెట్టు, మొదలుపెట్టు, వదలిపెట్టు. తలపెట్టినవాడు తలను ఎచ్చటను పెట్టలేదు గదా! నిద్ర పట్టును, తుప్పు పట్టును, కాలము పట్టును. పట్టెడు చేయి మాత్రము కానరాదు. కుండపోతగా వాన కురిసెనని మనమన్నచో, ఇంగ్లీషువారు పిల్లులును కుక్కలును కురిసినవందురు. మన కుండలు వారికెంత వింతయో, వారి పిల్లులు మనకంత వింత. కావున మాటకు మాట పేర్చి అర్థము కట్టరాదు; రెండు మూడు మాటల మూటను మూటగనే గ్రహింపవలెను.

ఈ పద్ధతిచే పరభాషను సాధించినవారికి చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర తార్కాణము. ఆయన 1817లో మద్రాసు చేరి, 1820లో కడపలో నుద్యోగించెను. తెలుగు ఆయనకు ఇంటిభాష కాదు. పండితులను ప్రక్కన నుంచుకొని, అడిగి యడిగి నేర్చెను. 1852లో ఆయన నిఘంటువు వెలువడినది. అంతటితో నాగక, కచేరీలలోను వ్యవహారములోను తెలుగున కలిసిన పరభాషాపదములకు 1854లో వేరుగ నొక నిఘంటువును ప్రకటించెను. ప్రజల నోట నున్న మాటను చిన్నచూపు చూడక, అడుగుటకు సిగ్గుపడక నేర్చినందుననే ఆయన పేరు నేటికిని మన యిండ్లలో నిలిచియున్నది. అందఱు ఇంగ్లీషువారును మన వాడు మాటలను మఱచిపోలేదనుటకు మఱియొక నిదర్శనము: వారి "బ్యాండికూట్" మన పందికొక్కే.

కావున నా సలహా యిది. దినమునకు ఒక పలుకుబడి చాలును. దానిని తెలుగు లిపిలోనే యొక చిన్న పుస్తకమున వ్రాసికొనుడు. దాని క్రింద అర్థమును కాక, అది వచ్చు సందర్భమును వ్రాయుడు. ఆ దినముననే దానిని ఒకసారియైనను పలుకుడు. పిల్లలు నవ్వినచో నవ్వనిండు. కాని నవ్వినవానిచే సరియైన పలుకును చెప్పించుకొనుడు. అందులకు మారుగ వానికొక తెలుగు సామెత చెప్పి, అర్థమడుగుడు. ఇంగ్లీషు పలకలనన్నింటిని చదువగలిగి, "తలపెట్టు" అనిన తెల్లబోవు మనుమడును, తెలుగు నుడికారమంతయు నెఱిగి మందుసీసా ముందు నిలిచిపోవు తాతయు ఒకే యరుగుపై కూర్చున్నచో ఇద్దఱి కొఱతయు తీరును. నేర్పుటయు నేర్చుటయు ఇచ్చిపుచ్చుకొను వ్యవహారమైన యింట ఏ భాషయు పరాయిది కాదు.