నెమ్మదించిన కంప్యూటరు – అప్పగించని ఛార్జి

(సంఘ వార్షికోత్సవ సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ల గురించి పది నిముషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను ఇంజనీరును కాను. ముప్పయ్యారేళ్ళు ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. అయితే మన సంఘం గదిలోని కంప్యూటరు విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటి ఉన్నది. దానిని మీ ముందు ఒప్పుకొంటే, మీ ఇళ్ళలో అటువంటిది జరిగినప్పుడు పనికివస్తుందని ఈ సాహసం చేస్తున్నాను.

మన గదిలోని కంప్యూటరు లినక్స్ మీద నడుస్తుందని మీకు తెలుసు. ఫిన్లాండుకు చెందిన లినస్ టోర్వాల్డ్స్ విద్యార్థిగా ఉండగా 1991లో మొదలుపెట్టిన వ్యవస్థ ఇది. డబ్బు కట్టనక్కరలేదు, పాత యంత్రాల మీద కూడా నడుస్తుంది. పింఛనుదారుల సంఘానికి ఇంతకంటె ఏం కావాలి? మనం వాడుతూ వచ్చినది అందులో ఉబుంటు అనే రకం, 20.04 అనే కూర్పు. దానికి ఉచితంగా వచ్చే భద్రతా సవరణలు 2025 మే నెలతో ఆగిపోయాయి. కనుక కొత్త కూర్పు 24.04 వేద్దామని కార్యవర్గంలో ప్రతిపాదించింది నేనే. పాత డిస్కు తీసి బీరువాలో పెట్టి, కొత్త డిస్కు కొని, దాని మీద కొత్త కూర్పు ఎక్కించింది కూడా నేనే. తెర అందంగా వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. టీ కూడా ఇప్పించారు.

మర్నాటి నుంచి ఇంటర్నెట్టు నత్తనడక పట్టింది.

ఇందులో నవ్వవలసింది ఏమీ లేదు. మన పాత సహోద్యోగి ఒకరు ఆ వేసవిలో కాలం చేశారు. వారి భార్య, నేను వదినగారూ అని పిలిచే ఆమె, కుటుంబ పింఛను కాగితాలు పంపించడానికి మన గదికి వచ్చారు. మరణ ధ్రువపత్రం, పింఛను ఉత్తర్వు నకలు, బ్యాంకు పాసుపుస్తకం అన్నీ స్కాను చేసి పంపాలి. నెలాఖరు గడువు. స్కాను బాగానే అయ్యేది. పంపేటప్పుడు సగం దూరం పోయి, ఆగి, 'సమయం మించినది, మళ్ళీ మొదలుపెట్టండి' అని వచ్చేది. ఆమె రెండుసార్లు బస్సెక్కి వచ్చి, రెండుసార్లూ వట్టి చేతులతో వెళ్ళారు. రెండోసారి వెళుతూ "ఫరవాలేదండీ, మీరు మాత్రం ఏం చేస్తారు" అన్నారు. ఆ మాటకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే బాగున్న యంత్రాన్ని కదిలించింది నేను.

ఇక నేను చేసిన తెలివితక్కువ పనులు వినండి. మొదట ఇంటర్నెట్టు ఇచ్చే సంస్థను తిట్టాను. వాళ్ళ మనిషి వచ్చి తన ల్యాప్‌టాప్‌ను మోడెముకు నేరుగా తగిలించి చూపించాడు. వేగం చక్కగా ఉంది. పైగా మోడెము నుంచి వైఫై మీద మన ఫోన్లన్నీ బాగానే నడుస్తున్నాయి. అంటే దోషం బయట లేదు, మన గోడల లోపలే ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్లయింది నా సంగతి. తరువాత కొత్త తీగ కొన్నాను. అదీ కాదు. పేర్ల సర్వరు మార్చాను. అదీ కాదు. ఒకేరోజు నాలుగు మార్పులు చేసి, ఏది ఎందుకు చేశానో నేనే మరిచిపోయాను. సర్వీసులో ఉండగా కింది ఉద్యోగి ఇలా చేస్తే మెమో ఇచ్చేవాడిని.

అన్నిటికంటె నన్ను తికమక పెట్టింది పింగు పరీక్ష. ఇక్కడినుంచి ఒక చిన్న పొట్లం పంపి, అవతలి యంత్రం ఎంతసేపట్లో బదులిస్తుందో చూసే పరీక్ష అది. మోడెముకు పింగు చేస్తే వెంటనే బదులు వస్తోంది. చిన్న ఉత్తరం చకచకా చేరుతోంది, పెద్ద పార్సిలు మాత్రం దారిలో ఆగిపోతోంది. ఇదేమి తపాలా?

చివరకు హైదరాబాదులో చదువుకుంటున్న మనవరాలికి ఫోను చేశాను. అంతా విని ఒక్కటే అడిగింది: "తాతయ్యా, పాత డిస్కు పారేశావా, ఉంచావా?" ఉంచానన్నాను. "అయితే రెండు పరీక్షలు చెయ్యి. ఒకటి, పాత డిస్కు తగిలించి చూడు. రెండు, అదే పాత కూర్పును పెన్‌డ్రైవు నుంచి నడిపి చూడు. ఇంకేమీ ముట్టుకోకు. ఫలితం కాగితం మీద రాసుకో" అన్నది.

పాత డిస్కు తగిలించాను. ఇంటర్నెట్టు పరుగెత్తింది! ముందు వదినగారికి కబురు చేశాను. గడువుకు ఇంకా రెండు రోజులుండగా ఆమె కాగితాలు ఆ పాత డిస్కు మీదనుంచే వెళ్ళాయి. రసీదు అచ్చు తీసి ఆమె చేతిలో పెట్టిన తరువాతే రెండో పరీక్ష చేశాను. అదే 20.04 కూర్పు, పెన్‌డ్రైవు మీదనుంచి. అది కూడా నత్తనడకే!

మిత్రులారా, ఇక్కడే కిటుకంతా ఉంది. కూర్పు ఒకటే, యంత్రం ఒకటే, తీగ ఒకటే. ఒకచోట వేగం, ఒకచోట నత్తనడక. అంటే తప్పు కొత్త కూర్పుది కాదు. పాత డిస్కు మీద ఎవరో రాసిపెట్టిన అమరిక ఏదో ఉన్నది, అది మిగతా రెండింటిలోనూ లేదు.

దానిని పట్టుకోవడానికి ఇథ్‌టూల్ అనే ఆదేశం ఉన్నది. ముందుగా 'ఐపి లింక్' అని టైపు చేస్తే తీగ తగిలించిన ద్వారం పేరు తెలుస్తుంది. తరువాత ఇథ్‌టూల్ అని, పక్కన ఆ పేరు టైపు చేస్తే, తీగ ఏ వేగంతో, ఏ పద్ధతిలో కలిసిందో చెబుతుంది. పాత డిస్కు మీద చూస్తే వేగం 100 మెగాబిట్లు, ఫుల్ డూప్లెక్స్, ఆటో నెగోషియేషన్ లేదు. కొత్త డిస్కు మీద చూస్తే వేగం అదే 100, కాని హాఫ్ డూప్లెక్స్, ఆటో నెగోషియేషన్ ఉన్నది.

ఈ మాటలకు భయపడకండి. ఫుల్ డూప్లెక్స్ అంటే రెండు వరుసల రోడ్డు, పోయేవి పోతుంటే వచ్చేవి వస్తుంటాయి. హాఫ్ డూప్లెక్స్ అంటే ఒంటి వరుస వంతెన, ఒకరు ఆగితేనే ఇంకొకరు రావాలి. 1973లో అమెరికాలో జిరాక్స్ సంస్థ పరిశోధనాలయంలో పుట్టిన ఈథర్నెట్టు పద్ధతి మొదట ఒంటి వరుసదే. ఈనాడు రెండు కొసల యంత్రాలు తగిలించగానే తమలో తాము సంప్రదించుకొని, ఇద్దరికీ చేతనైన మంచి పద్ధతిని ఎంచుకుంటాయి. అదే ఆటో నెగోషియేషన్.

అయితే ఒక కొసన ఎవరైనా '100, రెండు వరుసలు' అని ఖాయంగా బిగించి, సంప్రదింపులు ఆపివేస్తే ఏమవుతుంది? రెండో కొస అడుగుతుంది, బదులు రాదు. వేగం ఎంతో సంకేతాన్నిబట్టి తెలుసుకోగలదు గాని, వరుసలు ఎన్నో తెలుసుకోలేదు. అప్పుడు ఒంటి వరుసే అనుకోవాలని నిబంధన. ఇక ఒకరేమో వంతెన తమదే అన్నట్లు ఆగకుండా పంపుతుంటారు, ఇంకొకరేమో ఎదురుగా ఏది వచ్చినా ఢీకొన్నదనుకొని, ఆగి, మళ్ళీ పంపుతుంటారు. పింగు వంటి చిన్న పొట్లం ఖాళీ చూసుకొని దాటిపోతుంది. పెద్ద ఫైలు దాటలేదు. నన్ను తికమక పెట్టిన తపాలా రహస్యం ఇదే.

మరి ఖాయంగా బిగించింది ఎవరు? మోడెముకు, కంప్యూటరుకు మధ్య ఒక స్విచ్ పెట్టె ఉన్నది. 2014లో ఒక కార్యాలయం సామాను అమ్మివేస్తుంటే చవకగా కొన్నాం. ఆ కార్యాలయంవారు దాని ద్వారాలలో కొన్నిటిని 100కు, రెండు వరుసలకు బిగించి ఉంచారు. మన గదిలో పెట్టిన కుర్రవాడు అది గమనించి, కంప్యూటరును కూడా అలాగే బిగించి, నాకు చెప్పి వెళ్ళాడు. తరువాత కంప్యూటరులో ఎప్పుడు ఏది మార్చినా నేనే ఆ అమరిక మళ్ళీ బిగిస్తూ వచ్చాను. 20.04 వేసినప్పుడు కూడా బిగించింది నేనే. ఈసారి మరిచిపోయాను. రిజిస్టరులో ఒక్కసారైనా ఒక్క ముక్క రాసిపెట్టలేదు.

జీవితమంతా ఛార్జి అప్పగింత పట్టీలు రాసినవాళ్ళం మనం. తాళం చెవులు ఎన్ని, స్టాంపులు ఎన్ని, పెండింగు ఫైళ్ళు ఎన్ని అని రాసి, ఇద్దరూ సంతకాలు చేస్తేగాని కుర్చీ దిగేవాళ్ళం కాదు. అటువంటి నేను పాత డిస్కునుంచి కొత్త డిస్కుకు ఛార్జి అప్పగించకుండా కుర్చీ మార్చాను. వదినగారి రెండు ప్రయాణాల ఖరీదు ఆ ఒక్క వాక్యం.

స్విచ్ పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. రీసెట్ బొత్తాం నొక్కిపట్టి మొదటి స్థితికి తెచ్చాం. ద్వారాలు ఆటోకు వచ్చాయి. ఇప్పుడు రెండు కొసలూ సంప్రదించుకొని 100, ఫుల్ డూప్లెక్స్ దగ్గర కుదురుకున్నాయి. కొత్త డిస్కు పరుగెడుతోంది. ఇందులో గుర్తుంచుకోవలసింది ఒకటే: బిగిస్తే రెండు కొసలూ బిగించాలి, వదిలితే రెండూ ఆటోకు వదలాలి. వదలడమే మేలు.

మీ ఇళ్ళలో ఇలా జరిగితే వరుస ఇది. ముందు అదే మోడెము మీద ఫోను వేగం చూడండి. ఫోను కూడా నెమ్మదిస్తే సంస్థవారిని పిలవండి. ఫోను బాగుంటే తీగ చూడండి. తీగలో నాలుగు జతల కమ్ములుంటాయి. 1000 వేగానికి నాలుగు జతలూ కావాలి, 100కు రెండు చాలు. 1000 రావలసినచోట 100 కనబడితే ముందు తీగను అనుమానించండి. తరువాత ఇథ్‌టూల్‌తో వేగం, వరుసలు చూడండి. అవి సరిగా ఉండి, కొత్త కూర్పు వచ్చిన తరువాతే నెమ్మదిస్తే, యంత్రం మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ పట్టికలో పాత కెర్నల్‌ను ఎంచుకొని చూడండి. అది వేగంగా నడిస్తే దోషం కొత్త కెర్నల్‌లోని డ్రైవరులో ఉండవచ్చు. పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పట్టి, తెరుచుకున్న తరువాత అంతా వేగంగా వస్తుంటే పేర్ల సర్వరు సంగతి చూడండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, చేసినది రాసుకోండి. గడువు దగ్గర పెట్టుకొని ఏ యంత్రాన్నీ మార్చకండి. పాత డిస్కును మూడు నెలలపాటు పారేయకండి.

ఇప్పుడు మన స్విచ్ పక్కన ఒక నోటుపుస్తకం దారంతో కట్టి ఉన్నది. మొదటి పేజీలో నా దస్తూరీతో ఈ సంగతంతా ఉన్నది, కింద నా సంతకం ఉన్నది. రేపు నా స్థానంలో వచ్చేవారు నన్ను తిట్టుకోకుండా ఉండేందుకు రాశాను. వదినగారికి కుటుంబ పింఛను మంజూరయిందని కూడా ఈ సందర్భంగా సంతోషంతో మనవి చేస్తున్నాను.